ఒలాపరిబ్ వాడుతున్నారా? రెండు రోజులకే తేల్చేయకండి

మా ల్యాబ్‌లో జూనియర్లు కణాల మీద ఒలాపరిబ్ అనే క్యాన్సర్ మందు మొదలుపెడుతున్నారంటే పక్కన కూర్చోబెట్టుకుని ముందు ఒకటే చెప్తాను: ఇది నిదానంగా పనిచేసే మందు. నాకు ఆ మాట చెప్పేవాళ్లు లేకపోయారు. మొదటిసారి 48 గంటలకే ఎంటీటీ (కణాలు ఎన్ని బతికున్నాయో రంగుతో చూసే పరీక్ష) చేశాను. కణాలు నిక్షేపంగా ఉన్నాయి. పౌడర్ పాడైందనుకుని పారేసి, కొత్తదాని కోసం నెల రోజులు ఎదురుచూశాను. ఆ నెల ఇంకెవరికీ వృథా కాకూడదు.

డీఎన్‌ఏలో ఒక పోగు తెగితే బాగుచేయడానికి వచ్చే పార్ప్ ఎంజైమును ఒలాపరిబ్ అక్కడే ఇరికించేస్తుంది. కణం డీఎన్‌ఏను నకలు చేసుకునేటప్పుడు ఆ అడ్డు తగిలి రెండు పోగులూ తెగుతాయి. ఇలాంటి తెగుళ్లను బాగుచేసే బీఆర్‌సీఏ జన్యువులు సరిగ్గా ఉన్న కణం దాన్ని అతికించుకుంటుంది, లేనిది చచ్చిపోతుంది. పార్ప్‌ను ఆపితే బీఆర్‌సీఏ లేని కణాలు చచ్చిపోతాయని 2005లో నేచర్ పత్రికలో ఒకేసారి వచ్చిన రెండు పరిశోధనలు చూపించాయి. తెగడం నకలు చేసుకునేటప్పుడే కాబట్టి కణం చాలాసార్లు విభజన చెందేదాకా ఆగాలి. అందుకే కాలనీ పరీక్ష చేయండి, అంటే కొద్ది కణాలే వేసి, వాటిలో ఎన్ని పెరిగి గుంపులు (కాలనీలు) కడతాయో లెక్కపెట్టండి.

అణుభారం 434.5. 10 మిల్లీగ్రాములను 2.3 మిల్లీలీటర్ల డీఎంఎస్ఓ అనే ద్రావణిలో కరిగిస్తే 10 మిల్లీమోలార్ స్టాక్. దాన్ని చిన్న ట్యూబుల్లో పంచి మైనస్ 20లో పెట్టండి. డీఎంఎస్ఓ 18 డిగ్రీల దగ్గరే గడ్డకడుతుంది కాబట్టి బయటికి తీశాక పూర్తిగా కరగనివ్వండి, వోర్టెక్స్ చేసి (మెషిన్ మీద గిరగిరా కదిపి) ట్యూబును వెలుతురుకి పెట్టి చూడండి. అడుగున తెల్లటి నలుసు కనిపిస్తే వాడొద్దు. గ్లవ్స్ తప్పనిసరి, డీఎంఎస్ఓ తనతోపాటు మందునీ చర్మంలోకి తీసుకెళ్తుంది.

కణాలు జతగా ఉండాలి. మేం డీఎల్‌డీ-1 అనే పెద్దపేగు క్యాన్సర్ కణాలు, అందులోనే బీఆర్‌సీఏ2 తీసేసిన రకం వాడతాం. రెండోది తక్కువ కాలనీలు కడుతుంది, దాన్ని ఎక్కువ వేయాలి. ఎంత ఎక్కువో మందు లేకుండా ఒకసారి వేసి చూసుకోండి. మామూలు రకం ఆరు గుంటల ప్లేటులో గుంటకి 500 కణాలు సరిపోతాయి.

మర్నాడు మందు. 0.01, 0.1, 1, 10 మైక్రోమోలార్. ప్రతి డోసుకీ వెయ్యి రెట్ల చిక్కటి ద్రావణం డీఎంఎస్ఓలోనే చేసుకుంటే, అన్ని గుంటల్లోనూ డీఎంఎస్ఓ 0.1 శాతమే ఉంటుంది. మందు లేని గుంటకీ అంతే డీఎంఎస్ఓ పోయాలి. ఇది మర్చిపోతే మిగతాదంతా దండగే. మందును నేరుగా కణాల మీద వేయకండి. గోరువెచ్చటి మీడియంలో (కణాలు పెరిగే పోషక ద్రవంలో) వేసి, తిప్పుతూ కలిపి అప్పుడు పోయండి.

మూడు నాలుగు రోజులకోసారి మందుతో సహా మీడియం మార్చండి. 10 నుంచి 14 రోజులు. మధ్యలో టెన్షన్ పడి ఆపేయొద్దు. తర్వాత మిథనాల్‌తో ఫిక్స్ చేసి (కణాలు ఉన్నచోటే నిలిచిపోయేలా చేసి), 0.5 శాతం క్రిస్టల్ వయొలెట్ రంగు వేసి, ట్రేలో నీళ్లు పోసి మెల్లగా కడగండి. ప్లేటును కిటికీ వైపు పట్టుకుంటే డీఎల్‌డీ-1 గుంటల్లో ఊదారంగు చుక్కలు, బీఆర్‌సీఏ2 లేని పక్కన డోసు పెరిగేకొద్దీ ఖాళీ. కనీసం 50 కణాలున్న గుంపునే కాలనీగా లెక్కపెట్టి, ప్రతి రకాన్నీ దాని సొంత డీఎంఎస్ఓ గుంటతోనే పోల్చండి.