ట్యాంకు తీసేశాక భూగర్భజలంలో ఇంధనం: సమస్య - పరిష్కారం

భూమిలోని ట్యాంకు పైకి తీసి గుంత పూడ్చినా, కారిన ఇంధనం మట్టిలోనే ఉంటుంది. అది ఎటు పోతోందో చెప్పేవి మానిటరింగ్ బోర్లే, అంటే భూగర్భజలాన్ని పరీక్షించడానికి వేసే బోర్లే. రిపోర్టులో బెంజీన్ (పెట్రోలులో ఉండే విషపదార్థం) అంకె చూసి టెన్షన్ పడే ముందు, హమ్మయ్య అనుకునే ముందు కూడా, శాంపిల్ తీసిన రోజు నీటిమట్టం ఎంతుందో చూడండి. చాలా చిక్కులు అక్కడే విడిపోతాయి.

సమస్య: తగ్గుతూ వచ్చిన బెంజీన్ ఉన్నట్టుండి పెరిగింది

కొత్త లీకు అని వెంటనే తేల్చేయకండి. పెట్రోలు నీటికన్నా తేలిక, నీటిమట్టం మీద తేలుతుంది. మట్టం దిగితే తానూ దిగి, దారిలోని మట్టికి అంటుకుపోతుంది. మళ్లీ మట్టం పెరిగి ఆ మట్టి మునిగినప్పుడు బెంజీన్ నీళ్లలో కరుగుతుంది. కొన్నిచోట్ల దీనికి భిన్నంగా, మట్టం దిగినప్పుడే ఇంధనం బోరులోకి ఊరుతుంది.

అందుకే ప్రతిసారీ కేసింగ్ పైఅంచున ఒకే గుర్తు నుంచి మట్టం కొలిచి రాసుకోండి. బెంజీన్‌నూ మట్టాన్నీ ఒకే గ్రాఫులో గీయండి. మూడు నెలలకోసారి చొప్పున కనీసం ఏడాది కొలిస్తే గానీ రుతువుల ప్రభావం తెలియదు. రెండు గీతలకూ పొంతన ఉంటే, ముందు అనుమానించాల్సింది మట్టిలో మిగిలిన పాత ఇంధనాన్నే. దాన్ని తొలగించకుండా నీళ్లొక్కటే శుద్ధి చేస్తే సమస్య తిరిగొస్తుంది. మట్టంతో పొంతన లేకుండా బెంజీన్ పెరుగుతూనే పోతుంటే, తీయకుండా వదిలేసిన పైపులైన్లు ఉన్నాయేమో వెతకాలి.

సమస్య: మట్టిలో పెట్రోలు వాసన, రిపోర్టులో మాత్రం ఏమీ లేదు

బోరు పైపుకు రంధ్రాలున్న భాగం మొత్తం నీటిమట్టానికి కిందే ఉంటే, పైన తేలే ఇంధనం లోపలికి రాలేదు. మట్టం ఎంత పెరిగినా, ఎంత తగ్గినా ఆ రంధ్రాల మధ్యే ఉండేలా మరో బోరు వేయాలి. తేలే పొర మందాన్ని ఇంటర్‌ఫేస్ ప్రోబ్‌తో (ఇంధనం, నీళ్లు ఎక్కడ కలుస్తాయో పట్టే పరికరం) కొలవండి.

ల్యాబ్ ఎంత తక్కువ మోతాదు వరకు పట్టగలిగిందో కూడా చూడండి. తాగునీటిలో బెంజీన్‌కు ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించే పరిమితి లీటరుకు 10 మైక్రోగ్రాములు. ల్యాబ్ 50కి తక్కువ పట్టలేకపోతే, 'కనబడలేదు' అన్న మాటతో మనకు ఒరిగేదేమీ లేదు.

సమస్య: ఒకే బోరు, ఒకే రోజు, రెండు వేర్వేరు ఫలితాలు

ఎక్కువగా తప్పు శాంపిల్ తీయడంలోనే ఉంటుంది. బెంజీన్ ఇట్టే ఆవిరైపోతుంది. నీళ్లు చిమ్మేలా తోడకుండా, పంపుతో మెల్లగా లాగండి. వరుసగా మూడు రీడింగుల్లో పీహెచ్ 0.1 లోపు, విద్యుత్ వాహకత 3 శాతం లోపు తేడాతో నిలిచాకే సీసా పట్టండి. 40 మిల్లీలీటర్ల సీసాను అంచు మీద నీళ్లు ఉబ్బి నిలిచేదాకా నింపి, మూత బిగించి, తలకిందులు చేసి వేలితో తట్టండి. బుడగ కనిపిస్తే ఆ సీసా పక్కనపెట్టి కొత్తది తీసుకోండి. అందులోనే మళ్లీ నీళ్లు పోస్తే, శాంపిల్ చెడకుండా సీసాలో ముందుగా వేసిన ఆమ్లం పలచబడుతుంది. నింపిన సీసాలను ఐస్‌లో పెట్టి పంపండి. జనరేటర్ పెట్రోలు డబ్బాను శాంపిల్ పెట్టె దరిదాపుల్లోకి రానివ్వొద్దు. ల్యాబ్‌లోనే శుద్ధజలంతో నింపిన ఒక సీసాను వెంట తీసుకెళ్లి తీసుకురండి. అందులో బెంజీన్ తేలితే, మిగతా ఫలితాలనూ నమ్మలేం.

సమస్య: దిగువ బోర్లు శుభ్రం, పక్కనెక్కడో కాలుష్యం

నేల వాలు చూసి బోర్లు వేసి ఉంటారు. భూగర్భజలం నేల వాలునే పారాలని లేదు. ఒకే వరుసలో లేని కనీసం మూడు బోర్ల మట్టాలతో ప్రవాహ దిశ లెక్కగట్టి, ఆ దిశలో కొత్త బోరు వేయండి.

సమస్య: తాగునీటి బోరులోనే బెంజీన్ దొరికింది

ఆ నీళ్ల వాడకం వెంటనే ఆపండి. మరిగించొద్దు, బెంజీన్ ఇంట్లోని గాలిలో కలుస్తుంది. వేడినీళ్ల స్నానంతోనూ అదే ముప్పు. స్థానిక అధికారులకు తెలిపి వేరే నీళ్లు ఏర్పాటు చేయించుకోండి. ఎంటీబీఈ (పెట్రోలులో కలిపే ఒక రసాయనం) పరీక్ష కూడా అడగండి. ఆ పెట్రోలులో అది కలిసి ఉంటే బెంజీన్ కన్నా వేగంగా, దూరంగా పోయుంటుంది కాబట్టి, చుట్టుపక్కల బోర్లనూ పరీక్షించాలి.