తెల్ల టవల్ మీద లెక్క: ఎక్స్‌టెన్షన్లు తీసే రోజు

మా పార్లర్‌లో ఎక్స్‌టెన్షన్లు, అంటే సొంత జుట్టుకు అతికించే అదనపు పాయలు, తీసే పనిని మంగళవారానికే పెట్టుకుంటాను. దిల్‌సుఖ్‌నగర్‌లో మంగళవారం జుట్టు కత్తిరించుకోవడానికి ఎవరూ రారు, కుర్చీలు ఖాళీగా ఉంటాయి. తీసే పనికి ఆ ఖాళీయే కావాలి. ఒక్కోసారి ఫోన్లో అవతలి నుంచి "మంగళవారం జుట్టు తీయొచ్చా అక్కా?" అని అనుమానం వస్తుంది. "తీసేది నీ జుట్టు కాదు కదమ్మా" అంటాను. నవ్వి వచ్చేస్తారు.

తర్వాత గొడవ మొదలయ్యేది కూడా ఆ మాట దగ్గరే. తీసేది వాళ్ల జుట్టు కాదన్నది నిజమే. కానీ దాంతోపాటు వాళ్ల జుట్టూ వస్తుంది. ఎంత వచ్చింది, ఎందుకు వచ్చింది, దాన్ని ఎవరి ఖాతాలో రాయాలి? పేచీ అంతా ఇదే. పెట్టినవాళ్లు ఎక్కడో ఉంటారు, ఏ పెళ్లి కోసం పెట్టించుకున్నారో అది ఎప్పుడో అయిపోయి ఉంటుంది. రాలిన జుట్టు చేతిలో కనబడేది మాత్రం మనకే. నేను నేర్చుకున్న చోట పెట్టడం నెల రోజులు నేర్పారు, తీయడం చివరి రోజు అరగంటలో చెప్పి పంపించేశారు. కొత్తగా పని మొదలుపెట్టే అమ్మాయిల కోసం ఆ మిగతాది రాస్తున్నాను.

ఫోన్లోనే అడగాల్సినవి

ఏ రకం పెట్టించుకున్నారు? టేపా, కెరటిన్ బాండ్లా (గట్టిపడ్డ జిగురుతో అంటించినవి), చిన్న రింగులా, దారంతో కుట్టినవా? చాలామందికి పేరు తెలియదు. పాపిడి పక్కకు తీసి ఫోటో పంపమంటే సరిపోతుంది. ఎప్పుడు పెట్టించారు, మధ్యలో పైకి జరిపించుకున్నారా, ఇంట్లో పీకి చూశారా అని కూడా అడగాలి. చివరి ప్రశ్నకు "లేదు" అంటే సగమే నమ్మండి.

ఇంకో ప్రశ్న ఉంది, దాన్ని ఎవరూ అడగరు. గత మూడు నాలుగు నెలల్లో గట్టి జ్వరం, డెంగీ, కాన్పు, ఆపరేషన్ ఏమైనా అయ్యాయా? పెద్ద జ్వరమో కాన్పో అయిన రెండు మూడు నెలలకు జుట్టు కుప్పలుగా రాలడం మామూలే. వానాకాలంలో డెంగీ వచ్చిన అమ్మాయికి దీపావళికి ముందు మీరు ఎక్స్‌టెన్షన్లు తీస్తే, ఆ రాలుడంతా మీ చేతి మీదకే వస్తుంది. ముందే అడిగి రాసి పెట్టుకుంటే అది మీ ఖాతాలో పడదు.

డబ్బుల మాట కూడా ఫోన్లోనే తేల్చేయాలి. నేను తలకు ఇంత అని చెప్పను, గంట లెక్కనే చెబుతాను. "పెట్టినప్పుడు వేలకు వేలు పోశాం, తీయడానికి కూడా డబ్బులా?" అని చాలామంది అంటారు. "పెట్టింది నేను కాదు మేడమ్, అందుకే ఎంతసేపు పడుతుందో తల చూడకుండా చెప్పలేను" అంటాను. బేరమాడేవాళ్లకు రేటు తగ్గించినా పర్వాలేదు, టైమ్ మాత్రం తగ్గించొద్దు. మూడు గంటల పనిని గంటన్నరకు ఒప్పుకున్నారంటే మిగతా గంటన్నర కస్టమర్ కుదుళ్ల మీద పడుతుంది.

బాటిల్ మూత తీయకముందు

కూర్చోబెట్టగానే రిమూవర్ (జిగురు వదిలించే ద్రవం) అందుకోకండి. తల ముందు, రెండు కణతలు, చెవుల వెనక, మెడ దగ్గర చూడండి. వాళ్లను అడిగి, వాళ్ల ఫోన్‌తోనే ఫోటోలు తీయండి. మీ ఫోన్లో ఉన్న ఫోటో కంటే వాళ్ల ఫోన్లో, తేదీతో ఉన్న ఫోటో మీకు ఎక్కువ పనికొస్తుంది. కణతల దగ్గర జుట్టు పలచబడి, అంచున సన్నటి నూగు మాత్రం మిగిలి ఉంటే, ఎన్నాళ్లుగానో లాగుడు పడిందని అర్థం. అది ఇవాళ పోయింది కాదని అప్పుడే, అద్దంలో చూపించి చెప్పాలి. తీశాక చెబితే సాకులా వినిపిస్తుంది.

మాడు మీద చీము గుల్లలు, పుండ్లు, ఎర్రటి వాపు ఉంటే అక్కడ రిమూవర్ పెట్టొద్దు. చాలా రిమూవర్లలో ఆల్కహాలో ఎసిటోనో ఉంటుంది, పుండు మీద పడితే మంట మామూలుగా ఉండదు. ముందు చర్మం డాక్టరుకు చూపించుకుని రమ్మనండి. ఆ రోజు డబ్బు పోతే పోయింది.

అన్నట్టు, పొద్దున దేవుడి పటం దగ్గర వెలిగించిన అగరబత్తి ఆరిపోయిందో లేదో చూసుకోండి. ఎసిటోన్ ఆవిరి దూరం నుంచి కూడా అంటుకుంటుంది. కిటికీ తెరిచి పెట్టండి, డ్రయర్ ఆపి పెట్టండి.

జుట్టు అట్టకట్టి ఉంటే తడపొద్దు. చాలామంది తీయించుకోబోయే ముందు ఇంట్లో తలస్నానం చేసి వస్తారు, మర్యాద అనుకుని. బోరు నీళ్లతో రుద్దిన చిక్కు కొబ్బరి పీచులా బిగుసుకుపోతుంది. అందుకే అపాయింట్‌మెంట్ ఇచ్చేటప్పుడే "తలస్నానం చేయకుండా రండి" అని చెబుతాను.

తీయడం

ఎప్పుడూ మెడ దగ్గర కింది వరస నుంచి మొదలుపెట్టండి. పైవన్నీ క్లిప్పులు పెట్టి పక్కకు తీసేయండి.

టేప్ అయితే పై అంచు దగ్గర, రెండు టేపుల మధ్య సందులో రిమూవర్ దిగేలా వేయండి. రెండు మూడు నిమిషాలు ఆగి, పక్క మూల నుంచి మెల్లగా విడదీయండి. రెండో చేత్తో కుదుళ్ల వైపు జుట్టు పట్టుకోవాలి. వేళ్లకు లాగుతున్నట్టు తెలిస్తే లాగకండి, మళ్లీ వేసి ఆగండి. రింగులయితే చదునుగా నొక్కి ఉంటాయి. వాటిని అడ్డంగా తిప్పి, సన్నటి అంచుల మీద ప్లయర్‌తో నొక్కితే గుండ్రంగా తెరుచుకుని కిందికి జారతాయి. బలంగా నొక్కితే రింగు చీలుతుంది, చీలిన అంచు బ్లేడులా వెంట్రుకను కోస్తుంది. కుట్టినవయితే దారాన్ని మాత్రమే కత్తిరించాలి. అది దారమో జడపాయో అనుమానం వస్తే కత్తెర పెట్టొద్దు.

ఎక్కువ తప్పులు జరిగేది కెరటిన్ బాండ్ల దగ్గరే. చుక్క రిమూవర్ వేసి, బాండును ప్లయర్‌తో ఒక చివర నుంచి ఇంకో చివరకు కొంచెం కొంచెంగా నలగ్గొట్టాలి. మొదట గాజులా ఉన్నది పగుళ్లిచ్చి, తెల్లగా మారి, పొడిపొడిగా రాలుతుంది. చివరికి ఎక్స్‌టెన్షన్ దానంతట అదే చేతిలోకి జారాలి. గట్టిగా నొక్కారా, బాండుతో పాటు లోపలి వెంట్రుకా నలుగుతుంది. అది ఇవాళ తెగదు, వారం తర్వాత దువ్వెనకు వస్తుంది. ఫోనూ అప్పుడే వస్తుంది.

బాండ్ ఊడాక, అది ఉన్న చోట, కుదురుకు కొంచెం దూరంలో బూడిదరంగు ముద్ద ఒకటి కనిపిస్తుంది. మురికి, జిడ్డు, నూలు పోగులు, పొడి కలిసి పేరుకున్నది. నెలకు జుట్టు దాదాపు సెంటీమీటరు పెరుగుతుంది కాబట్టి, ఆ ముద్ద ఎంత దూరంలో ఉందో చూస్తే పెట్టించి ఎన్ని నెలలయిందో మీకే తెలుస్తుంది. "రెండు నెలలేనండి" అన్న అమ్మాయి తలలో ఐదు సెంటీమీటర్లు కిందికి దిగిన బాండ్లు చూశాను. ఆ ముద్దను వేళ్లతో విడదీసి, సన్నపళ్ల దువ్వెనతో చివర నుంచి పైకి జరుగుతూ పూర్తిగా దువ్వాకే షాంపూ. ఒక్క ముద్ద మిగిలినా నీళ్లు తగిలితే దాని చుట్టూ గూడు కడుతుంది, తర్వాత కత్తెరే గతి.

టవల్ సంగతి

వొళ్లో, భుజాల మీద తెల్ల టవల్ పరవండి. రాలిన జుట్టును ఊడ్చి చెత్తబుట్టలో వేయొద్దు. ప్రతి వరస నుంచి వచ్చింది ఆ టవల్ మీదే పక్కపక్కన పెట్టండి. దాచిన జుట్టు చూసేవాళ్ల ఊహలో రెండింతలవుతుంది.

పోయిన మాఘమాసం పెళ్లిళ్ల తర్వాత ఒకమ్మాయి కూకట్‌పల్లి నుంచి మెట్రోలో వచ్చింది, వాళ్లమ్మను తీసుకుని. పెళ్లికి బాండ్లు పెట్టించుకుని, వాటి మీద నిండు పూలజడ వేయించుకుంది. ఐదు నెలలయినా తీయించలేదు. మెడ దగ్గర మూడేసి బాండ్లు కలిసి అట్టకట్టాయి. నేను రెండో వరసలో ఉండగా ఆ తల్లి సోఫాలోంచి లేచి వచ్చి టవల్ చూసింది.

"ఏందమ్మా గిది? నా బిడ్డ జుట్టంత ఊడబీకినవ్!"

అలాంటప్పుడు వెంటనే జవాబివ్వకండి. నేను ప్లయర్ కింద పెట్టి, స్టూల్ లాక్కుని ఆమె పక్కన కూర్చున్నాను. నిలబడి వాదిస్తే పక్క కుర్చీవాళ్లు కూడా తీర్పులు చెబుతారు. టవల్ మీంచి ఒక వెంట్రుక తీసి ఆమె వేళ్ల మధ్య పెట్టాను. కొసన ఆవగింజలో పదో వంతంత తెల్లటి గుబ్బ.

"ఇది దానంతట అదే రాలిపోయిందమ్మా. మనిషికి రోజుకు 50 నుంచి 100 వెంట్రుకలు రాలతాయి. మనకు దువ్వెనలో, బాత్రూంలో పోతాయి కాబట్టి తెలియదు. ఐదు నెలలంటే 150 రోజులు. బాండ్లలో ఇరుక్కున్నవి కింద పడలేదు, అన్నీ ఇప్పుడే బయటికి వచ్చాయి."

ఆమె ఒక్కొక్కటే తీసి వెలుతురుకు పెట్టి చూడటం మొదలుపెట్టింది. గుబ్బ, గుబ్బ, గుబ్బ. తర్వాత వేలెడంత ముక్క ఒకటి, గుబ్బ లేనిది. "మరి గిదేంది?"

"అది తెగిందమ్మా." అక్కడ అబద్ధం ఆడితే అంతకుముందు చెప్పిన నిజం కూడా పోతుంది. "బరువుకు తెగింది. కణతల దగ్గర ఇలాంటివి ఇంకా ఉన్నాయి. పూలజడ బరువు, దాని మీద రోజూ పైకి లాగి పోనీ కట్టడం." పూలజడ కావాలని పట్టుబట్టింది ఎవరో ఆ గదిలో ఉన్న ముగ్గురికీ తెలుసు. నేను ఆమె వైపు చూడలేదు. ఆమె మళ్లీ సోఫాలోకి వెళ్లి, పని అయ్యేదాకా కూతురికి మంచినీళ్లు అందిస్తూ కూర్చుంది.

పెట్టినవాళ్లను మాత్రం తిట్టకండి. "ఎవరు పెట్టారమ్మా ఇంత దరిద్రంగా" అన్న మాట కస్టమర్‌కు బాగుంటుంది, కానీ ఆ రోజు తలలో కనిపించే ప్రతి లోపానికీ ఎవరో ఒకరు దోషి కావాల్సిందే అన్న గాలి లేస్తుంది. ఆ గాలి మన వైపూ తిరుగుతుంది. కనబడింది చెప్పండి చాలు: బాండ్లు దగ్గర దగ్గరగా ఉన్నాయి, పాయకు బరువెక్కువైంది, ఐదు నెలలు ఉన్నాయి.

మూడో రకం కొస

తెల్లగుబ్బ కాకుండా, నల్లగా, కొంచెం వంకరగా, జిగట తొడుగుతో వచ్చే కొస ఉంటుంది. అది ఇంకా పెరుగుతున్న వెంట్రుక, బలవంతంగా పీకితేనే వస్తుంది. నాకెలా తెలుసంటే, నేనే పీకాను. పనిలో చేరిన రెండో ఏడు, శ్రావణమాసం రద్దీలో, బయట నలుగురు ఎదురుచూస్తుంటే టేప్ నానకముందే లాగాను. చెవి వెనక రూపాయి బిళ్లంత మేర ఖాళీ. ఆ అమ్మాయి "అబ్బా" అంది అంతే, ఇంకేమీ అనలేదు. నేనూ ఏమీ అనలేదు. జుట్టుతో కప్పి పంపించేశాను. రెండో రోజు వాళ్ల వదిన వచ్చి అందరి ముందూ కడిగేసింది. ఆ రెండు రోజులు నాకు నిద్ర లేదు. వదిన తిట్టడం కంటే, నేను ముందే చెప్పలేదన్న టెన్షనే ఎక్కువ.

కాబట్టి మీ వల్ల పోతే అక్కడే, ఆ నిమిషమే చెప్పండి. "ఇక్కడ నేను తొందరపడ్డాను, ఇంత పోయింది, చూడండి." ఆ రోజు డబ్బు తీసుకోకండి. "మళ్లీ వచ్చేస్తుంది, ఏం కాదు" అని హామీలివ్వకండి. నెలనెలా రమ్మని చూడండి. రివ్యూ పెడతానని బెదిరిస్తే పెట్టనివ్వండి. వాళ్ల ఫోన్లో తేదీతో ఫోటోలున్నాయి, ముందే అడిగి రాసుకున్న వివరాలు మీ దగ్గరున్నాయి కదా, కింద రెండు వాక్యాల్లో మర్యాదగా జవాబు రాయొచ్చు.

పంపించేటప్పుడు

తీసిన ఎక్స్‌టెన్షన్లు వాళ్ల సొత్తు. రబ్బరు బ్యాండు వేసి కవర్లో పెట్టి ఇవ్వండి, అడిగినా అడగకపోయినా. దీని మీద కూడా గొడవలు చూశాను. ఒక పెద్దావిడ మాత్రం ముట్టుకోనంది, తిరుమల కళ్యాణకట్టలో మొక్కుగా ఇచ్చిన జుట్టేమోనని. అక్కడి జుట్టును టీటీడీ వేలంలో అమ్ముతుందన్నది నిజమే. చివరికి ఆ కవరును కోడలు బ్యాగులో వేసుకుంది.

పదిహేను రోజులు గట్టి జడ, పోనీ, స్ట్రెయిటనర్ వద్దు. తీసిన రోజే స్మూతెనింగో కలరో చేయించుకుంటానంటే ఒప్పుకోకండి, ఎంత డబ్బిచ్చినా. కణతల దగ్గర చర్మం నున్నగా మెరుస్తూ, కుదుళ్ల రంధ్రాలే కనబడకపోతే సీరమ్ అంటగట్టకుండా డాక్టరు దగ్గరికి పంపండి. లాగుడు వల్ల పోయింది తొందరగా చూపిస్తే తిరిగొస్తుంది, మచ్చ కట్టాక రాదు. ప్రైవేటులో ఖర్చు భరించలేనంటే ఉస్మానియా, గాంధీ ఆసుపత్రుల్లో చర్మ విభాగం ఉందని చెప్పండి.

ఇక "ఇవి తీసేసి ఇవాళే కొత్తవి పెట్టేయండక్కా, వచ్చే నెల చెల్లి పెళ్లి" అనే వాళ్లుంటారు. అందరికంటే కష్టమైన కస్టమర్లు వీళ్లే, ఎందుకంటే తిట్టరు, బతిమాలతారు. నేను పెట్టను. పెళ్లి రోజు పొద్దున రమ్మని, సవరం పెట్టి జడ వేసి పంపిస్తాను. మా అమ్మ సవరం రాత్రి పడుకునే ముందు తీసి, చిక్కు దువ్వి, అద్దం పక్కన మేకుకు తగిలించేది. తీయడానికి నిమిషం కూడా పట్టేది కాదు.