పులిచింతల దిగువన కృష్ణానదిని యానాదులతో కలిసి పరిశీలించే విధానం

విజయవాడ ప్రకాశం బ్యారేజీకి సుమారు 85 కిలోమీటర్ల ఎగువన, కృష్ణానదిపై ఉన్న పులిచింతల డ్యామ్ ఎడమ గట్టున 120 మెగావాట్ల జలవిద్యుత్ కేంద్రం ఉంది. టర్బైన్లు తిరిగితే దిగువన నీరు పెరుగుతుంది, ఆగితే తీస్తుంది. ఈ హెచ్చుతగ్గులు ముందుగా తాకేది నదిలో చేపల వేటతో బతికే యానాది కుటుంబాలనే కనుక, విజయవాడ, గుంటూరు కళాశాలలు గానీ స్వచ్ఛంద సంస్థలు గానీ ఇక్కడ పర్యావరణ పరిశీలన చేయదలిస్తే, పరికరాలు కొనకముందే ఆ కుటుంబాలతో కూర్చోవాలి.

వేట ముగిసిన వేళ, ఆడవారు కూడా ఉండేలా గూడెంలో సమావేశం పెట్టండి. ఏం కొలవాలో మీరు చెప్పకుండా, నదిలో ఏం మారిందో వారిని అడగండి. ఏ చేప ఏ నెలలో తగ్గింది, ఏ మడుగు ఎండుతోంది, వల వేశాక నీరు ఏ వేళలో లాగేస్తోంది అన్న జవాబులను బట్టే కొలతలు, చోట్లు నిర్ణయించుకోవాలి. సేకరించిన వివరాలపై హక్కు గూడెంవారిదని, వారిని అడగనిదే ప్రచురించబోమని, చేపలు గుడ్లు పెట్టే మడుగుల జాడ పటాల్లో చూపబోమని తెలుగులో ఒప్పందం రాసి, అందరికీ చదివి వినిపించాలి. పరిశీలనకు వచ్చినవారు ఆనాటి వేట మానుకుంటారు కనుక దినకూలి తప్పనిసరిగా చెల్లించాలి. నిధులు లేవన్న సాకుతో దీన్ని తప్పించుకోవడం అన్యాయం.

కొలతల్లో అన్నిటికన్నా ముఖ్యమైనది సమయం. ఉదయం ఒకసారి వచ్చి సీసా నింపుకుని వెళితే, అది టర్బైన్లు ఆగి ఉన్నప్పటి నీరో, తిరుగుతున్నప్పటి నీరో తెలియదు. అందువల్ల రేవు దగ్గర కదలని బండపై సెంటీమీటర్ల గీతలు గీసి, నీరు పెరిగే, తగ్గే రోజుల్లో అరగంటకొకసారి మట్టం రాసుకోవాలి. నీరు వేగంగా తీసినప్పుడు ఒడ్డు గుంతల్లో చేపపిల్లలు చిక్కుకుపోతాయి. ఏ గుంతలో, ఎన్ని, ఏ రకమో గుర్తించడంలో వేటగాళ్ల కంటికి మించిన పరికరం లేదు. వారు చెప్పిన చేప పేరును వారి మాటలోనే రాసి, శాస్త్రీయ నామాన్ని తర్వాత చేర్చుకోవచ్చు.

తరువాతిది నీటిలో కరిగిన ఆక్సిజన్. జలాశయం అడుగు నీటిలో ఇది తక్కువగా ఉండవచ్చు కనుక విద్యుత్ కేంద్రానికి దగ్గరలోను, బాగా దిగువనా కొలవాలి. 300 మిల్లీలీటర్ల గాజు సీసాను నీటిలో ముంచి, బుడగ మిగలకుండా నింపండి. మాంగనీస్ సల్ఫేట్, క్షార అయోడైడ్ ద్రావణాలను పిపెట్ (ద్రవాన్ని కొలిచి పోసే సన్న గొట్టం) మొన నీటిలోపల ఉండేలా రెండేసి మిల్లీలీటర్లు కలిపి, మూత బిగించి, సీసాను పలుమార్లు తలకిందులు చేయండి. గోధుమ రంగు మడ్డి దిగితే ఆక్సిజన్ ఉన్నట్టు, మడ్డి తెల్లగానే ఉండిపోతే లేనట్టు. చదువు రానివారు కూడా స్వయంగా చూసి చెప్పగలిగే ఫలితం కనుక నేను ఈ పద్ధతినే సూచిస్తాను. ఆమ్లం కలిపి కచ్చితమైన అంకె తేల్చే పని మాత్రం శిక్షణ పొందినవారు అదే రోజు చేయాలి. రసాయనాలు ముట్టేవారందరికీ చేతితొడుగులు ఉండాలి. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ప్రమాణం ప్రకారం చేపలకు లీటరుకు కనీసం 4 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కావాలి.

ఉష్ణోగ్రత, పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార గుణం), నీటి మసక కూడా అదే చోట, అదే వేళ నమోదు చేస్తే చాలు.

భద్రత విషయంలో రాజీ పడవద్దు. 2021 ఆగస్టు 5న పులిచింతల గేటు ఒకటి కొట్టుకుపోయి, దిగువకు ఒక్కసారిగా వరద వచ్చింది. గేట్లు ఎత్తుతారన్న హెచ్చరిక ఉన్న రోజున నదిలోకి ఎవరినీ దింపకూడదు.

విద్యుత్ కేంద్రం తెలంగాణ జెన్‌కోది, డ్యామ్ ఆంధ్రప్రదేశ్ జలవనరుల శాఖది. అందుచేత టర్బైన్లు నడిచిన వేళలను ఒకరి నుంచి, గేట్ల నుంచి నీరు వదిలిన వివరాలను మరొకరి నుంచి 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద విడివిడిగా కోరాలి. ఆ వేళలను మీ పుస్తకంలోని మట్టాల పక్కన గంటగంటకూ రాసి, ముందుగా గూడెంలో చదివి వినిపించి, వారు సరేనన్న ప్రతినే ఆ రెండు సంస్థలకూ, కాలుష్య నియంత్రణ మండలికీ పంపండి.