వానలకు ముందు ఫోర్క్‌లిఫ్ట్ డ్రైవర్లకు: బండి ఒరిగితే దూకొద్దు

‘ఫోర్క్‌లిఫ్ట్ బోల్తా, డ్రైవరు మృతి’ అని పేపర్లో నాలుగు లైన్లు వస్తాయి. పాపం, బండి మీద పడిందట అనుకుని పేజీ తిప్పేస్తాం. చాలాసార్లు జరిగేది అది కాదు. బండి ఒరుగుతుంటే డ్రైవరు బయటికి దూకుతాడు. అతను దూకిన చోటికే బండి వచ్చి పడుతుంది.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన నెల్లూరు, ప్రకాశం జిల్లాలకు అసలైన వానకాలం. కృష్ణపట్నం వైపు బియ్యం, ఎరువుల గోడౌన్లలో, రొయ్యల కోల్డ్ స్టోరేజీల్లో, ఒంగోలు చుట్టుపక్కల పొగాకు గోడౌన్లలో ర్యాంపులు తడిసి జారుతుంటాయి. హారన్ కొట్టాలి, ఓవర్‌లోడ్ వేయకూడదు అనేవి గోడ మీద బోర్డులోనే ఉన్నాయి. బోర్డులో లేని మాట ఇంకొకటుంది: బండి ఒరిగితే దూకొద్దు.

మూడు టన్నులు ఎత్తే బండి సొంత బరువే నాలుగు టన్నుల పైన ఉంటుంది. పక్కకి ఒరగడం మొదలైతే నేలకు తగలడానికి ఒకటి రెండు సెకన్లు చాలు. అంతలో సీట్లోంచి లేచి, కాలు బయటపెట్టి, బండి అందనంత దూరం వెళ్లడం ఎవరివల్లా కాదు. పైగా బండి ఎటు ఒరిగితే మన ఒళ్లు కూడా అటే విసురుకుపోతుంది. తలకు రక్షణగా పెట్టిన పైకప్పు చట్రం ఉంది చూశారూ, దాని అంచే వచ్చి మెడ మీదో ఛాతీ మీదో పడుతుంది. లోపల కూర్చున్నవాణ్ని కాపాడే ఇనుమే బయటికి దూకినవాణ్ని నలిపేస్తుంది.

అందుకే సీటు బెల్టు. మీ బండిలో సీటు వెనక్కి చెయ్యి పెట్టి చూడండి. బజర్ మోగకుండా బెల్టు తెచ్చి సీటు వెనకగా లాక్ చేసి, దాని మీద కూర్చుని నడిపే బండ్లు బోలెడు. లాక్‌లో పొట్టు, దుమ్ము చేరి, రీలు బిగుసుకుపోయి, లాగితే జానెడు కూడా రాదు. రోజుకు నలభైసార్లు దిగి ప్యాలెట్ (సరుకు పేర్చే చెక్క పలక) సర్దాలి, ప్రతిసారీ బెల్టెక్కడ పెట్టుకుంటాం అంటారు డ్రైవర్లు. అది నిజమే, తప్పు వాళ్ల ఒక్కళ్లదే కాదు. ప్యాలెట్ సర్దడానికి ఒక హమాలీని ఇవ్వాల్సింది మేస్త్రీ. బిగుసుకుపోయిన రీలు మార్పించాల్సింది యజమాని.

ఒరుగుతోందని తెలిసిన క్షణంలో చేయాల్సినవి: స్టీరింగ్ గట్టిగా పట్టుకోండి. రెండు కాళ్లూ ఫ్లోరుకి తన్నిపెట్టండి. బండి ఎటు పడుతోందో దానికి ఎదురు వైపుకి, కాస్త ముందుకి వాలండి. చెయ్యి గానీ కాలు గానీ బయటికి రాకూడదు. దూకొద్దు. ఇది కూర్చుని నడిపే బండి సంగతి. కోల్డ్ స్టోరేజీల్లో వెనక నుంచి ఎక్కి నిలబడి నడిపే రీచ్ ట్రక్ వేరు. అది ఒరిగితే ఎక్కిన వైపు నుంచే వెనక్కి అడుగేసి దిగిపోవాలి. రెండు రకాలూ ఉన్న చోట ఏ బండికి ఏ పద్ధతో డ్రైవరుకి ముందే నేర్పాలి, ఆ సెకనులో ఆలోచించే టైముండదు.

అసలు ఎందుకు ఒరుగుతుంది? నాలుగు చక్రాలున్నా ఈ బండి ముక్కాలిపీటలా నిలబడుతుంది. ముందు చక్రాలు రెండూ రెండు కాళ్లు, వెనక ఇరుసు నడిమధ్య మూడోది. బరువంతా ఆ మూడింటి మధ్యే ఉండాలి. ఫోర్కులు, అంటే సరుకెత్తే ముందరి ఇనుప కొమ్ములు, పైకెత్తిన కొద్దీ బరువు పైకిపోతుంది, చిన్న మలుపుకే పక్కకి దాటేస్తుంది. ఖాళీ బండే కదా అని వేగంగా తిప్పేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. లోడు లేనప్పుడు బరువు వెనక్కి, అంటే పీట సన్నగా ఉన్న మూలకి జరుగుతుంది. మలుపులో ఖాళీ బండే ఇంకా తొందరగా పక్కకి పడుతుంది.

నడిచేటప్పుడు ఫోర్కులు నేలకి జానెడు లోపే, మాస్టు, అంటే ఫోర్కులు పైకీ కిందికీ జరిగే నిలువు చట్రం, కాస్త వెనక్కి వంచి. లోడు ఎత్తడం, దించడం బండి పూర్తిగా ఆగాకే.

బండి ఎంత బరువు ఎత్తగలదో చెప్పే ప్లేటు మీద 3000 కిలోలు అని ఉంటే, అది ఫోర్కుల మొదలు నుంచి 500 మిల్లీమీటర్ల దూరంలో బరువు మధ్యభాగం ఉన్నప్పటి లెక్క. పొడవైన ప్యాలెట్ వేస్తే అంత ఎత్తదు. వెనక చక్రాలు లేస్తున్నాయని ఇద్దరు హమాలీలను బండి వెనక ఎక్కించి బరువు సరిచేయడం మన దగ్గర మామూలైపోయింది. మానేయండి. చక్రాలు లేస్తే లోడు దించి సగం చేయండి.

ఇక వానల పనులు. ర్యాంపు ఎక్కేటప్పుడు లోడు ఎగువకి ఉండాలి. దిగేటప్పుడూ లోడు ఎగువకే, అంటే రివర్సులో దిగాలి. ఖాళీ బండైతే ఫోర్కులు దిగువకి. ర్యాంపు మీద తిప్పొద్దు. అడ్డంగా నడపొద్దు. కాంక్రీటు దాటి నల్లరేగడిలోకి ఒక్క చక్రం కూడా దించొద్దు, నానిన నేలలో ఒక పక్క దిగబడితే బండి ఆ పక్కకే ఒరుగుతుంది. దిగబడి ఒరుగుతున్నా సరే, దూకొద్దు. అరిగి నున్నబడిన టైర్లు ఇప్పుడే మార్చండి. చెప్పులకు బురదుంటే పెడల్ మీద జారుతుంది, తుడుచుకుని ఎక్కండి. కోల్డ్ రూమ్ గుమ్మం దగ్గర నేల చెమర్చి ఉంటుంది, కర్టెన్ అవతల ఏమీ కనపడదు. ఆగండి, హారన్ కొట్టండి, తర్వాత వెళ్లండి. పొగాకు డబ్బాలు పేర్చి ముందు దారి కనపడకపోతే రివర్సులో నడపండి. లారీ చక్రాలకు అడ్డు పెట్టనిదే లారీలోకి ఎక్కొద్దు. ఫోర్కులకు వేలాడే జంబో బస్తా (పెద్ద సంచి) ఊగుతుంటే మలుపు తిప్పొద్దు. ఫోర్కు మడమ (వంపు తిరిగే చోటు) దగ్గర మందంలో పదో వంతు అరిగితే ఆ ఫోర్కు పక్కన పెట్టేయండి. ఫోర్కుల మీద మనిషిని ఎత్తొద్దు, బల్బు మార్చడానికైనా సరే. ఎత్తిన ఫోర్కుల కింద ఎవరూ నడవకూడదు. బ్యాటరీ ఛార్జింగ్ దగ్గర బీడీ వద్దు. దిగేముందు ఫోర్కులు నేలకి, హ్యాండ్ బ్రేకు, న్యూట్రల్, తాళం జేబులోకి. బెల్టు మళ్లీ సీటు వెనక్కి పోకూడదు. దూకొద్దు.

బండి పడిపోయి మనిషి కింద ఇరుక్కుంటే, ఇంకో ఫోర్క్‌లిఫ్ట్ తెచ్చి గబగబా ఎత్తకండి. అది జారితే రెండోసారి నలుగుతాడు. కాళ్లూ చేతులూ పట్టి లాగకండి. ముందు ఇంజిన్ ఆపేయండి, గ్యాసు బండైతే సిలిండర్ వాల్వ్ కట్టేయండి. ఒకరు 108కి ఫోన్ చేయండి, ఇంకొకరు గేటు దగ్గర నిలబడి అంబులెన్సుకి దారి చూపించండి. బండి ఇంకా జరగకుండా దిమ్మలు పెట్టి, వాళ్లొచ్చేదాకా అతనితో మాట్లాడుతూ పక్కనే ఉండండి.