కొండగాలి చదవడం, 4వ పాఠం: గాలి చాటున ఏం జరుగుతుంది

పోయిన పాఠంలో గుట్టకు ఎదురుగా వచ్చిన గాలి పైకి ఎలా లేస్తుందో చూశాం. గద్ద రెక్క ఆడించకుండా అంచు వెంబడి అటూ ఇటూ తిరుగుతూ ఎత్తు పెంచుకోవడం, ఇంజిన్ లేని గ్లైడర్ అదే గాలి మీద గంటల తరబడి నిలబడటం, అదంతా అయిపోయింది. ఈసారి గుట్టకు అవతలి పక్క. మెసేజ్ పెట్టేవాళ్లంతా పైకి లేపే గాలి ఎక్కడ దొరుకుతుందనే అడుగుతున్నారు గానీ, కిందికి తోసేది ఎక్కడుంటుందని ఒక్కరూ అడగలేదు. కొండల్లో ప్రాణం మీదికి వచ్చేది అక్కడే.

స్టీవ్ ఫాసెట్ అని ఒకాయన. 2002లో బెలూన్‌లో ఒంటరిగా, ఎక్కడా ఆగకుండా భూమి చుట్టి వచ్చాడు. 2006 ఆగస్టులో ఇంకో పైలట్‌తో కలిసి అర్జెంటీనాలో, ఆండీస్ పర్వతాల వెనక లేచే గాలి అలల మీద గ్లైడర్‌ను 50,000 అడుగులు దాటించాడు. అప్పటికి గ్లైడర్‌లో అదే ప్రపంచ రికార్డు. అలాంటి మనిషి 2007 సెప్టెంబర్ 3న నెవాడాలో చిన్న విమానం ఒకటి తీసుకుని ఒంటరిగా లేచాడు, మళ్లీ రాలేదు. ఫ్లైట్ ప్లాన్ ఇవ్వలేదు కాబట్టి ఎటు పోయాడో ఎవరికీ తెలియదు, ఎంత వెతికినా దొరకలేదు. ఏడాది దాటాక, 2008 అక్టోబర్‌లో సియెర్రా నెవాడా కొండల్లో దాదాపు 10,000 అడుగుల ఎత్తున విమానం ముక్కలు కనిపించాయి. దర్యాప్తు చేసినవాళ్లు తేల్చింది ఏమిటంటే, ఆ విమానం ఎంత పైకి లాగినా తట్టుకోలేనంత బలంగా దిగే గాలిలో ఆయన చిక్కుకున్నాడు.

అది గ్లైడర్ కాదు కదా అంటారేమో. కాదు, అందుకే ఈ ఉదాహరణ తీసుకున్నా. ఇంజిన్ ఉన్నదాని గతే అలా అయితే, ఇంజిన్ లేనివాడికి ఉన్న ఆస్తి ఎత్తు ఒక్కటే, ఆ ఎత్తు ఎంతసేపట్లో ఖర్చయిపోతుందో ముందే లెక్క వేసుకోవాలి.

ముందు కళ్లతో చూడండి. నల్గొండ వాళ్లయితే లతీఫ్ సాహెబ్ గుట్ట ఎక్కండి, పాలమూరు వాళ్లకు కోయిల్‌కొండ ఉంది. వానాకాలంలో పడమటి గాలి గట్టిగా వీస్తుంది, అప్పుడైతే మంచిది (ఉర్సు రోజుల్లో మాత్రం వద్దు, ఆ జనంలో కర్ర పట్టుకుని తిరిగితే తిట్లు తింటారు). పొడుగు కర్రకు మూరెడు సన్న రిబ్బన్ కట్టి, అంచుకు దూరంగానే నిలబడి, గాలి వచ్చే పక్కకు చాపండి. రిబ్బన్ అడ్డంగా ఎగరదు, తోక ఎత్తి పైకి చూస్తుంది. ఇప్పుడు అవతలి పక్క కొంచెం దిగి మళ్లీ చాపండి. వేలాడుతుంది, నేల వైపు గుంజుతుంది, ఉన్నట్టుండి వెనక్కి తిరిగి గుట్ట వైపే కొట్టుకుంటుంది. ఆ వెనక్కి తిరిగేదే సుడి. మన గుట్ట చాటున అది కాసేపే కనిపిస్తుంది గానీ, పెద్ద పర్వతాల వెనక అదే సుడి గ్లైడర్‌ను తలకిందులు చేయగలదు.

ఇక లెక్క. గ్లైడర్ గంటకు 100 కిలోమీటర్ల స్పీడులో, అంటే సెకనుకు సుమారు 28 మీటర్లు పోతోంది, తనంతట తాను సెకనుకు 0.7 మీటర్లు దిగుతోంది అనుకోండి. 28ని 0.7తో భాగిస్తే 40. అంటే 500 మీటర్ల ఎత్తుతో 20 కిలోమీటర్లు పోవచ్చు. ఇప్పుడు సెకనుకు 5 మీటర్లు దిగే గాలిలో పడ్డారు. మొత్తం దిగుడు 5.7. 28ని దానితో భాగించండి, 5 కూడా రాదు. ఇరవై కిలోమీటర్లు కాస్తా రెండున్నర లోపు అయిపోయాయి!

ఇక్కడే బుర్ర మోసం చేస్తుంది. పైకి లేపే గాలి శిఖరం అవతల ఉందని తెలుసు కాబట్టి అటే తిరగబుద్ధవుతుంది. కానీ అటు పోవాలంటే గాలికి ఎదురీదాలి. గాలి సెకనుకు 10 మీటర్లు ఉంటే నేల మీద మీ స్పీడు 18 మాత్రమే, ఆ 500 మీటర్లతో ఒకటిన్నర కిలోమీటర్ పోతారేమో, పైగా ముందు కొండ లేస్తూ ఉంటుంది. అదే గాలి వాలున తిరిగితే 38, అంటే 3.3 కిలోమీటర్లు, కింద నేల కూడా పల్లమవుతూ ఉంటుంది. కొండ చాటున దిగుతున్నప్పుడు శిఖరం వైపు కాదు, పల్లం వైపు తిరగాలి. ముక్కు కొంచెం దించి స్పీడు పెంచాలి కూడా, ఎందుకంటే దిగే గాలిలో ఎంత తక్కువసేపు ఉంటే అంత తక్కువ ఎత్తు పోతుంది. టెన్షన్‌లో అందరి చేయీ స్టిక్‌ను (ముక్కును ఎత్తే, దించే కర్రను) వెనక్కే లాగుతుంది, అప్పుడు ముక్కు లేచి స్పీడు తగ్గుతుంది, జాగ్రత్త.

తిరిగేటప్పుడు ఇంకొకటి. వంపు లేకుండా నేరుగా పోతూ గంటకు 70 కిలోమీటర్ల దగ్గర స్టాల్ అయ్యే (అంటే స్పీడు చాలక రెక్కలు మోయలేక జారిపోయే) గ్లైడర్, 60 డిగ్రీలు వంచి ఎత్తు పోకుండా తిప్పితే 99 దగ్గరే స్టాల్ అవుతుంది. మీరు 100లో ఉన్నారు. అర్థమైంది కదా. వంపు గురించి ఐదో పాఠంలో వివరంగా చూద్దాం.

ఈ వారం పని: మీరు నేలకు 600 మీటర్ల పైన, కొండ చాటున ఉన్నారు. స్పీడు, సొంత దిగుడు, ఎదురుగాలి పైన చెప్పినవే, దిగే గాలి మాత్రం సెకనుకు 4 మీటర్లు. శిఖరం 1 కిలోమీటర్ దూరంలో, మీకంటే 200 మీటర్ల కింద ఉంది. గాలి వాలున 3 కిలోమీటర్ల దూరంలో ఖాళీ పొలం ఉంది. రెండు పక్కలకూ లెక్క కట్టి, ఏ పక్కకు పోతే ఎంత ఎత్తు మిగులుతుందో రాసి పంపండి. కాగితం మీద చేయండి, ఫోన్‌లో వద్దు.