బ్యాంకాక్‌లో చివరి రాత్రి: గ్రూపు వీడ్కోలు విందు ఎలా చేయాలి?

పది పదిహేను మందితో బ్యాంకాక్ వెళ్తే, చివరి రాత్రి భోజనం చావో ఫ్రాయా నది మీద పడవలోనే పెట్టుకోవాలి. కుర్రాళ్లు రూఫ్‌టాప్ బార్ అంటారు. అక్కడ చాలాచోట్ల నిక్కర్లు, చెప్పులతో రానివ్వరు, 20 ఏళ్లు నిండనివాళ్లను ఆపేస్తారు. కలిసి వచ్చినవాళ్లు చివరి రోజే రెండు ముక్కలవుతారు. పడవలో అయితే అమ్మమ్మ, మనవడు ఒకే బల్ల దగ్గర తింటారు.

టికెట్లు రెండు రోజుల ముందే తీసుకుని, డబ్బులు అప్పుడే వసూలు చేయండి. శాకాహారులు ఎంతమందో బుకింగ్‌లోనే చెప్పండి. థాయ్ వంటలో కూరగాయల వేపుడులో కూడా చేపల సాస్ పడుతుంది కాబట్టి ‘జే’ (థాయ్‌లో పూర్తి శాకాహారం) అని స్పష్టంగా అడగాలి. సామాన్లు సాయంత్రం నాలుగుకల్లా సర్దేయాలి. అంతే.

అసలు కష్టమంతా రేవు దగ్గర. టికెట్లన్నీ చూడటానికి ఒకేలా ఉంటాయి గానీ, కొన్ని పడవలు ఐకాన్‌సియామ్ మాల్ ముందు నుంచి, కొన్ని రివర్ సిటీ నుంచి, కొన్ని ఏషియాటిక్ నుంచి బయల్దేరతాయి. ఐకాన్‌సియామ్ నదికి ఒక ఒడ్డున, రివర్ సిటీ అవతలి ఒడ్డున. ఒకసారి మావాళ్లు మూడు టాక్సీల్లో బయల్దేరితే ఒక టాక్సీ అవతలి ఒడ్డుకు వెళ్లింది. పడవ ఎవరి కోసమూ ఆగదు. నలుగురు లేకుండానే ఆ విందు జరిగింది. ఒక్కరికీ ముద్ద దిగలేదు.

అందుకే టికెట్ మీద రేవు పేరు మీ కళ్లతో చదివి, మ్యాప్ లొకేషన్‌తో సహా గ్రూపులో ఒకే మెసేజ్ పెట్టండి. టాక్సీలు వద్దే వద్దు. సాయంత్రం నది పక్క రోడ్ల ట్రాఫిక్ కదలదు. అందరూ కలిసి బీటీఎస్ రైల్లో సఫాన్ తాక్సిన్ స్టేషన్‌లో దిగండి. కిందనే సాథోర్న్ రేవు. అక్కడి నుంచి ఐకాన్‌సియామ్‌కూ, ఏషియాటిక్‌కూ పడవలు ఉంటాయి. రైలు ఎక్కేముందు, దిగాక తలలు లెక్కపెట్టాలి. పడవ టైముకు ముప్పావుగంట ముందు చేరాలి, ఎందుకంటే ఒకే రేవులో ఒక్కో కంపెనీకి ఒక్కో కౌంటర్, మీది వెతుక్కోవడానికే టైము పడుతుంది.

వీడ్కోలు మాటలు హోటల్ లాబీలోనే చెప్పేసుకోండి. పడవలో పాటల హోరుకు ఎవరి మాటా వినపడదు. దీపాల వెలుగులో వాట్ అరుణ్ గుడి కనిపించే ముందే పైడెక్కు ఎక్కి గ్రూపు ఫొటోకి నిలబడండి.

దిగాక ఓపిక ఉన్నవాళ్లు చైనాటౌన్‌లోని యావరాత్ వీధికి వెళ్లొచ్చు. దగ్గర్లో వాట్ మంగ్కోన్ మెట్రో స్టేషన్ ఉంది. అర్ధరాత్రి దాటితే రైళ్లుండవు, కాబట్టి పదకొండుకల్లా అందరూ స్టేషన్ గేటు దగ్గరికి రావాలని ముందే చెప్పి, అక్కడ ఇంకోసారి తలలు లెక్కపెట్టండి.