పాత ఇంటి మ్యూజియం: బయటి గోడ చెప్పే గుర్తులు, వాటి కారణాలు, మరమ్మతులు

రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం ఇల్లు, విజయనగరంలో గురజాడ అప్పారావు ఇల్లు, హైదరాబాద్ నాంపల్లిలో సరోజినీ నాయుడు పుట్టింటివారి గోల్డెన్ త్రెషోల్డ్. ఒకప్పుడు కాపురాలు సాగి, ఇప్పుడు స్మారకాలుగానో మ్యూజియాలుగానో లైబ్రరీలుగానో మారిన ఇళ్లు తెలుగునాట ఇలా చాలానే ఉన్నాయి. ఆ కాలపు పక్కా ఇళ్లకు గోడలంటే ఇటుక, సున్నం. మన దేశంలో సిమెంటు తయారీ నిలదొక్కుకుందే 1914లో పోర్‌బందర్ ఫ్యాక్టరీ వచ్చాక. ఈ ఒక్క సంగతి గుర్తుంటే కింద రాసిన వాటిలో సగం మీకే తడతాయి. సున్నపు గోడ చెమ్మ పీలుస్తుంది, మళ్లీ వదిలేస్తుంది. ఆ వదిలే దారి మూసేసినప్పుడే గోడ చెడుతుంది.

పని మొదలుపెట్టే ముందు ఆ ఇల్లు రక్షిత కట్టడమో కాదో కనుక్కోండి. ఆంధ్రప్రదేశ్‌లో 1960 నాటి పురాతన కట్టడాల చట్టం, తెలంగాణలో 2017 హెరిటేజ్ చట్టం ఉన్నాయి. జాబితాలో ఉంటే పురావస్తు శాఖ అనుమతి లేకుండా గోడ మీద తాపీ పెట్టకూడదు. జాబితాలో లేకపోయినా, ప్రతి గోడకూ పక్కన స్కేలు పెట్టి ఫోటోలు తీసి ఉంచండి. ఒకసారి గీకేశాక ముందు ఏముందో ఎవరూ చెప్పలేరు.

గోడ అడుగు భాగంలో పెచ్చులు ఊడుతున్నాయి

అన్నిటికంటే ఎక్కువగా కనిపించేది ఇదే. నేల నుంచి మోకాలి ఎత్తు వరకో నడుము ఎత్తు వరకో పట్టీలాగా చెమ్మ, ఆ పట్టీ పొడవునా పెచ్చులు. వెంటనే ఎవరో ఒకరు "అడుగున సిమెంటు ప్లాస్టరింగ్ చేయించేయండి, గట్టిగా ఉంటుంది" అంటారు. చేయిస్తారు. ఏడాదో రెండేళ్లో తర్వాత చెమ్మ ఆ సిమెంటు పట్టీ పైఅంచు దగ్గర తేలుతుంది. అంటే నీళ్లు పోలేదు, ఇంకాస్త పైకెక్కాయి.

ముందు నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయో చూడండి. చెమ్మ అంచు మీద పెన్సిల్‌తో గీత గీసి తేదీ వేయండి, మే నెలలో ఒకటి, ఆగస్టులో ఒకటి. వానాకాలంలో గీత బాగా పైకి పోయిందంటే వాన నీళ్లు గోడ పక్కనే నిలుస్తున్నాయని. ఏడాదంతా ఒకేచోట ఉంటే కుళాయి పైపో, డ్రైనేజీయో, తోటో కారణం కావచ్చు. మ్యూజియం అనగానే గోడకు ఆనించి పూలమొక్కలు, లాన్ వేసి రోజూ పైపుతో తడిపే అలవాటు ఉంది కదా, అనుమానం ముందు దాని మీద పెట్టుకోండి.

ఊరి నడిబొడ్డున ఉన్న ఇళ్లకు ఇంకో బాధ, రోడ్డు. వేసిన ప్రతిసారీ పాత పొర తీయకుండా దాని మీదే కొత్త పొర పోస్తారు. ఒకప్పుడు మూడు నాలుగు మెట్లెక్కి చేరుకున్న అరుగు ఇప్పుడు ఒక్క మెట్టు ఎత్తులో ఉంటుంది. వీధి నీళ్లు నేరుగా గోడ మొదట్లోకి వస్తాయి. ఆవరణలో వేసిన టైల్స్, సిమెంటు చప్టా కూడా ఇదే పని చేస్తాయి. నేలలోంచి ఆవిరైపోవాల్సిన తేమకు గోడ ఒక్కటే దారిగా మిగులుతుంది.

మరమ్మతు గోడ మీద కాదు, నేల మీద మొదలవుతుంది. గోడ చుట్టూ మట్టిని లోపలి గచ్చు కంటే కనీసం అర అడుగు కిందికి దించండి. గోడను ఆనుకున్న చప్టాను ఒకటిన్నర అడుగు వెడల్పున కోసి తీసేసి, ఆ చోట కంకర నింపండి. వాలు బయటికి ఉండాలి, అడుగున చిల్లుల పైపు వేస్తే ఇంకా మంచిది. పునాది అడుగు కంటే లోతుకు మాత్రం తవ్వకూడదు. పూలకుండీలు దూరం జరపండి.

ఆ తర్వాతే సిమెంటు తీయడం. చిన్న ఉలి, చిన్న సుత్తి చాలు. బ్రేకర్ మెషీన్ గేటు లోపలికే రానివ్వొద్దు. సిమెంటుతో పాటు ఇటుక ముఖం కూడా ఊడి వస్తుంటే ఆపేసి ఆ ముక్కను అలాగే వదిలేయండి. దాన్ని తీయడం కంటే ఉంచడమే తక్కువ నష్టం. తీసిన గోడను ఆరనివ్వండి. అడుగున్నర మందం గోడకు ఒక ఎండాకాలమంతా పట్టినా ఆశ్చర్యం లేదు. కమిటీ వాళ్లకు ఈ ఎదురుచూపే పెద్ద టెన్షన్. "ఏం పని జరగట్లేదు" అంటారు. గోడ ఆరడం కూడా పనేనని బోర్డు రాసి పెట్టండి, సందర్శకులకూ ఓ కొత్త విషయం తెలుస్తుంది.

తెల్లటి పొడి, నూగు లాంటి ఉప్పు

గోడ ఆరుతున్నప్పుడు ఇది ఇంకా ఎక్కువవుతుంది, కంగారు పడొద్దు. నీళ్లు ఆవిరైపోతూ తమతో తెచ్చిన ఉప్పును పైన వదిలి వెళుతున్నాయి. పైన పేరితే దులిపేయొచ్చు. సిమెంటు వెనకో పెయింటు వెనకో పేరితే ఆ ఉప్పు స్ఫటికాలే ఇటుకను లోపలి నుంచి పొడి చేస్తాయి.

ఉప్పు నేల నీళ్లలోంచి రావచ్చు, తీరంలో సముద్రపు గాలిలోంచి రావచ్చు. పాత ఇళ్లలో అయితే ఆ గోడ పక్కన ఒకప్పుడు పశువుల కొట్టమో మరుగుదొడ్డో ఉండేదేమో అడిగి చూడండి. మరమ్మతుకు ఉప్పగా ఉన్న బోరు నీళ్లు, కడగని ఇసుక వాడినా ఇంతే.

పొడి బ్రష్‌తో దులిపి, కింద పట్టా పరిచి, రాలిన ఉప్పును ఆవరణ బయట పారబోయండి. గోడ మొదట్లోనే రాలనిస్తే వానకు కరిగి మళ్లీ గోడెక్కుతుంది. నీళ్లతో కడగడం, యాసిడ్ పోయడం వద్దే వద్దు. మొండిగా ఉన్న చోట కాగితపు గుజ్జును మంచినీళ్లలో తడిపి గోడకు దట్టంగా పట్టించి, అది పూర్తిగా ఎండాక ఊడదీయండి. ఉప్పు గుజ్జులోకి వచ్చేస్తుంది. రెండు మూడుసార్లు చేయాల్సి రావచ్చు.

రంగు బుడగలు కట్టి పొరలుగా లేస్తోంది

కారణం రెండు ముక్కల్లో: సున్నపు గోడకు ఎక్స్‌టీరియర్ ఎమల్షన్, దాని కింద వాల్ పుట్టీ. ఆ పెయింటు పొర వెనక తేమ బయటికి రాలేక బుడగ కడుతుంది.

దీనికి జయంతుల వంతు కూడా ఉంది. మహనీయుడి జయంతి వస్తోందంటే వారం ముందు ఇంటికి రంగు పడుతుంది. గురజాడ పుట్టింది సెప్టెంబర్ 21న, గోడలు వానకు నాని ఉండే రోజులు. వీరేశలింగం పుట్టింది ఏప్రిల్ 16న, వేసిన సున్నం వేసినట్టే కాలిపోయే ఎండలు. ఈ లెక్కన సరోజినీ నాయుడు అదృష్టవంతురాలు, ఫిబ్రవరి 13. తీరంలో తుపానులు తగ్గాక, డిసెంబర్ నుంచి ఫిబ్రవరి వరకు సున్నం పనికి మంచి కాలం. ఉత్సవం తేదీ మారదు కానీ రంగు తేదీ మార్చుకోవచ్చు.

ఉన్న పెయింటు తీసేముందు కనిపించని ఒక మూల, చూరు కింద అయితే మేలు, బ్లేడుతో అరచేయంత మేర మెట్లు మెట్లుగా గీకి భూతద్దంతో చూడండి. పైన ప్లాస్టిక్‌లా సాగే పెయింటు పొర, దాని కింద డిస్టెంపర్, ఆ కింద పల్చటి వెల్ల పొరలు ఒకదాని మీద ఒకటి. వాటి మధ్య ఎక్కడో నీలిమందు కలిపిన లేత నీలం, కాస్త కిందికి పోతే పసుపు మన్ను రంగు, అరుగు అంచున జాజు ఎరుపు బయటపడొచ్చు. ఇంటికి ఏ రంగు వేయాలన్న వాదన కమిటీ గదిలో తేలదు, ఇక్కడ తేలుతుంది. ఆ మూలను మళ్లీ కప్పేయకుండా అలాగే ఉంచేయండి.

పెయింటును చెక్క గరిటెతోనో మొద్దు స్క్రేపర్‌తోనో తీయాలి. ఇసుక పేల్చే యంత్రం, ప్రెషర్ వాషర్ పాత ఇటుక ముఖాన్ని కూడా తీసుకుపోతాయి. పాత రంగుల్లో సీసం ఉండొచ్చు కాబట్టి మాస్కు, తడి గుడ్డ తప్పనిసరి. తర్వాత వెల్ల. పాలంత పల్చగా కలిపి, గోడను ముందు తడిపి, పల్చటి పూతలు నాలుగైదు వేయాలి. వేసిన రోజు ఏమీ కనబడదు, మర్నాటికి తెల్లబడుతుంది. "ఒక్క కోటింగ్‌లో కొట్టేస్తా సార్" అనే మేస్త్రీ చేతిలో అది పొడిపొడిగా రాలుతుంది.

ఇటుక అరిగిపోతోంది, సందుల్లోని సిమెంటు మాత్రం నిక్షేపంగా ఉంది

ప్లాస్టరింగ్ లేకుండా ఇటుక కనబడే గోడల్లో ఇది మామూలు. ఎవరో సందులన్నీ సిమెంటుతో పాయింటింగ్ చేశారు. తేమ సందులోంచి పోవాలి, పోలేక ఇటుకలోంచి పోతోంది. సందును దాని వెడల్పుకు రెండింతల లోతు వరకు చేత్తో తొలిచి, కడిగి, తడి మీదే సున్నంతో నింపాలి. ఇటుక కంటే సందు మెత్తగా ఉండాలి. అరిగితే సందే అరగాలి, మళ్లీ నింపుకోవచ్చు.

కొత్తగా వేసిన సున్నం బీటలిచ్చింది, లేదా చేత్తో రుద్దితే రాలుతోంది

"సున్నం వేయించాం, అదీ నిలవలేదు" అని మళ్లీ సిమెంటుకు పోయేవాళ్లు ఇక్కడే పోతారు. తప్పు సున్నానిది కాదు.

సన్నటి సాలెగూడు బీటలైతే పొర మందం ఎక్కువైంది, లేదా ఎండలో తొందరగా ఎండిపోయింది. పొర అర అంగుళం దాటకూడదు. తడి గోనెసంచులు వేలాడదీసి కనీసం వారం రోజులు తేమగా ఉంచాలి. సున్నం గట్టిపడేది గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుని, అందుకు కాస్త తేమ కావాలి. ఎండిపోతే అక్కడితో ఆగిపోతుంది, పొడిగా మిగులుతుంది. అక్కడక్కడా చిన్న గుంటలు చిట్లుతుంటే సరిగా నానని సున్నపు గుళ్లు లోపల ఉండిపోయాయని. రాయి సున్నం కనీసం మూడు వారాలు నీళ్లలో మాగాలి, నెలలు మాగితే ఇంకా వెన్నలా వస్తుంది. నీళ్లు పోసినప్పుడు కుతకుత ఉడుకుతుంది, కళ్లజోడు లేకుండా దగ్గరికి పోవద్దు.

పాళ్లు సాధారణంగా ఒక వంతు సున్నపు ముద్దకు మూడు వంతుల కడిగిన ఏటి ఇసుక. తడి తగిలే చోట ఇసుకలో కొంత భాగం బదులు ఇటుక పొడి కలుపుతారు. తక్కువ కాలిన ఇటుకదే పనికొస్తుంది, నల్లగా కాలినదాని పొడి ఉత్త ఇసుకతో సమానం. మీ ఇంటి గోడకున్న పాత సున్నపు పూతలో ఏముందో తెలుసుకోవడానికి ఒక పెచ్చును పల్చటి యాసిడ్‌లో వేయండి. సున్నం పొంగి కరిగిపోతుంది, అడుగున ఇసుక మిగులుతుంది. దాని రంగు, గరుకు చూసి అలాంటి ఇసుకే తెప్పించండి. తీరప్రాంతాల్లో గుల్లసున్నం వాడిన ఇళ్లలో గుల్ల ముక్కలు కూడా కరిగిపోతాయి కాబట్టి, ముందే భూతద్దంతో ఒకసారి చూసి పెట్టుకోవాలి.

కరక్కాయ, బెల్లం నానబెట్టిన నీళ్ల గురించి అందరూ అడుగుతారు. పాత మేస్త్రీలు వాడారు, ఇప్పుడూ వాడొచ్చు. కానీ సరిగా మాగని సున్నాన్ని, మట్టి ఇసుకను కరక్కాయ కాపాడదు. ముందు గోడ మీద చాపంత మేర వేసి ఒక వానాకాలం చూడండి. ఎస్టిమేటులో డంగు సున్నానికి (గానుగలో రుబ్బిన సున్నానికి) రేటు విడిగా రాయించకపోతే, కాంట్రాక్టరు అందులో సిమెంటు "కొంచెమే" కలుపుతాడు. ఆ కొంచెం కూడా వద్దని టెండర్ షరతుల్లోనే రాయాలి.

గోడ పైభాగంలో, చూరు కింద నల్లటి చారలు

ఇది పైకప్పు గొడవ. పెంకుటిల్లయితే జారిన పెంకు, కోతులు తిరగేసిన పెంకు, కుళ్లిన వాసం. మిద్దె అయితే పిట్టగోడ, మిద్దె కలిసే మూలలో బీట, లేదా ఆకులతో పూడుకుపోయిన తూము. వాన కురుస్తుండగానే గొడుగు వేసుకుని వెళ్లి చూడండి, ఎండలో వెతికితే దొరకదు. మద్రాసు టెర్రస్ (టేకు దూలాల మీద ఇటుక, సున్నంతో వేసిన పాతకాలపు మిద్దె) మీద వాటర్‌ప్రూఫింగ్ పేరుతో సిమెంటు పొర పోయించవద్దు. దూలాల మీద బరువు పెరుగుతుంది, లోపలి తడి టేకు చివర్లను కుళ్లబెడుతుంది. బీటను తెరిచి, సున్నం, ఇటుక పొడితో మూసి, మూలను గుండ్రంగా తిప్పాలి.

చార ఒకేచోట, ఏడాదంతా ఉంటే పైకి చూడండి. ఏసీ నీళ్ల పైపు కావచ్చు. లోపలి వస్తువుల కోసం పెట్టిన ఏసీ బయటి గోడను తినేస్తుంటుంది.

పిట్టగోడలో రావి మొక్క

పక్షుల రెట్టలో వచ్చిన గింజ. పీకితే పైభాగం తెగి వేరు లోపలే ఉంటుంది, మళ్లీ చిగురిస్తుంది. బలంగా లాగితే ఇటుకలు కూడా వస్తాయి. లేతగా రెండాకుల మీద ఉన్నప్పుడైతే చేత్తో తీసేయొచ్చు, అందుకే వానాకాలం చివర ఒకసారి, సంక్రాంతికి ముందు ఒకసారి పైకెక్కి చూడాలి. ముదిరితే కాండం కోసి, కోసిన ముఖానికే కలుపు మందు పూయించాలి, అదీ లైసెన్సున్న పెస్ట్ కంట్రోల్ వాళ్లతోనే. వేరు చచ్చి ఎండాక ఇటుకలు విప్పి తీసి, మళ్లీ సున్నంతో కట్టాలి. రావి కొట్టకూడదని మేస్త్రీ వెనకాడితే బలవంతం చేయకండి, లేత మొక్కను మట్టితో తీసి గుడి దగ్గర నాటిస్తామంటే ఒప్పుకుంటారు.

బీటలు

బీటకు అడ్డంగా చిన్న గాజుపట్టీ అతికించి తేదీ రాయండి. ఏడాది తర్వాతా గాజు పగలకుంటే పాత బీటే, సున్నంతో నింపేయండి. పగిలితే పునాదో దూలమో కదులుతోంది, స్ట్రక్చరల్ ఇంజనీర్‌ను పిలవకుండా దాన్ని కప్పవద్దు. కిటికీ ఊచల చివర్ల దగ్గర నక్షత్రంలా చీలితే మాత్రం అది తుప్పు. గోడలోకి దిగిన ఇనుము ఉబ్బి ఇటుకను పగలగొడుతోంది. ఊచ చివరను బయటికి తీసి, తుప్పు గీకి, రెడ్ ఆక్సైడ్ పూసి తిరిగి కూర్చోబెట్టాలి.

తలుపులు, కిటికీ రెక్కలు బిగుసుకుపోతున్నాయి

ఎనామెల్ మీద ఎనామెల్ పడి మందమైంది, అంతే. చాలామంది రెక్కను చిత్రిక పట్టించి చెక్క పోగొట్టుకుంటారు. పెయింటు తీయిస్తే చాలు. కిందిపట్టీ కుళ్లితే తలుపంతా మార్చొద్దు, కుళ్లిన మేర కోసి పాత టేకు ముక్క అతికించగల వడ్రంగి ఇంకా దొరుకుతాడు. ద్వారబంధం మొదట్లో చెద మట్టి బారు కనిపిస్తే, అది మొదటి గుర్తు దగ్గరికే తీసుకెళ్తుంది. ముందు అక్కడి చెమ్మ ఆపండి, మందు ఆ తర్వాత.